పెరటికోళ్లలో క్రొత్తపుంజు

పల్లెటూరి సంసారములో చేను గృహస్థునిది, పాడి యిద్దఱిది, పెరటికోళ్లు మాత్రము ఇల్లాలివి. గ్రుడ్లమ్మగా వచ్చిన సొమ్ము ఆమె కొంగుముడిలోనికే చేరును. ఆ సొమ్ముతో బిడ్డకు పలకయు వచ్చును, పండుగకు గాజులును వచ్చును, అకాలమున జ్వరము తగిలినచో మందును వచ్చును. దానికి లెక్క యడుగువారు లేరు. అందుచేతనే దాని విలువ యెక్కువ. మా కోరుకొండలో లక్ష్మీనరసింహస్వామివారి కొండ చుట్టునున్న వీధులలోను, పరిసరగ్రామములలోను నాలుగు పెట్టలను పెరటిలో మేపుకొనుచు, ఇట్లు నాలుగు రూపాయలు వెనుకవేసికొను స్త్రీలు పలువురు గలరు.

ఇట్టి చిన్నమందకు శత్రువులు కొదువ లేదు. కుక్క యున్నది, ముంగిస యున్నది, బావురుపిల్లి యున్నది. అవి బయటినుండి వచ్చునవి. వానిని దలచుకొని సాయంకాలము కాగానే గూటితలుపు బిగించుకొందుము. కాని మనమే రొక్కమిచ్చి కొని, కాళ్లకు గట్టిన త్రాడు మన చేతులతోనే విప్పి, నడిమందలో విడిచిపెట్టు ముప్పొకటి కలదు. అది క్రొత్తపుంజు. అందు పుంజు దోష మేమియు లేదు; దోషమంతయు మన తొందరది. పుంజును గొనుట గడియసేపటి పని. దానిని మందలో గలుపుట నెలకు మించిన పని. ఈ భేదము నెఱిగిన యిల్లాలి మంద నిలుచును. ఎఱుగనియామె గూడు ఒక్కొక్కప్పుడు పదిదినములలో ఖాళీ యగును. కావున ఈ పనిని మొదటినుండి తుదివరకు క్రమముగా వివరింప దలచితిని.

పుంజు నెందులకు మార్చవలెను?

పుంజు లేనిదే పెట్ట గ్రుడ్డు పెట్టదని కొందఱు సోదరీమణులు తలతురు. అది సరికాదు. గ్రుడ్డు పెట్టుట పెట్టకు స్వభావము. పుంజున్నను లేకున్నను పెట్టును. అయితే పుంజు లేని పెట్ట పెట్టిన గ్రుడ్డు వంటకే గాని పొదుగునకు బనికిరాదు. కావున గ్రుడ్లు మాత్రమే చాలునన్నవారికి పుంజుతో నిమిత్తము లేదు. పిల్లలను దీయించి మందను వృద్ధి చేసికొనవలె నన్నవారికే పుంజు కావలెను.

ఉన్న పుంజును మార్చుటకు ముఖ్యకారణములు రెండు. మొదటిది వయస్సు. ఏండ్లు గడచినకొలది పుంజునకు సత్తువ తగ్గును. పొదుగు పెట్టిన గ్రుడ్లలో మురిగిపోవునవి యెక్కువగును. రెండవది బంధుత్వము. ఇంటిపుంజు ఒక యేడు గడచునప్పటికి తన కూతుళ్లతోను, ఆ పైయేడు మనుమరాండ్రతోను జతకట్టును. మేనరికములే మంచివి కావని వైద్యులు మనకు బోధించుచున్న కాలమున, మన పెరటిలో తండ్రి కూతుళ్ల వరుస కూడ లేకుండుట గమనింపము. ఇట్లు రెండు మూడు తరములు జరిగినచో పొదిగిన గ్రుడ్లలో పిల్లలగునవి తగ్గును, పుట్టిన పిల్లలలో బ్రదుకునవి తగ్గును, బ్రదికినవి గూడ గిడసబాఱును. దిష్టి తగిలినదని ఉప్పు దిగదుడుచుటకంటె పుంజును మార్చుట మేలు.

పుంజు చచ్చిపోయిన మందలో నొక్కొక్కప్పుడు మఱియొక వింత కనబడును. పెద్దపెట్ట మెడ సాచి కూయ నారంభించును. పెట్ట కూసినచో నింటికి గీడని దానిని వెంటనే కోయించువారు నేటికిని గలరు. పెట్టకు ఎడమప్రక్కనున్న అండాశయ మొక్కటియే పనిచేయును. వ్యాధిచేత నది చెడినప్పుడు పురుషలక్షణములు పైకివచ్చి జుట్టు పెరుగును, కూత వచ్చును, గ్రుడ్డు నిలిచిపోవును. మఱికొన్ని యెడల ఏ వ్యాధియు లేకయే, పుంజు లేని మందలో పెత్తనము దనదైన పెట్ట కూయుటయు గలదు. ఇందు ఇంటికి వచ్చు కీడేమియు లేదు.

ఎంపిక

చిన్ననాడు మా తండ్రిగారు నాచేత అమరకోశము వల్లెవేయించునప్పుడు సింహాదివర్గమున కోడిపుంజునకు నాలుగు పేరులు వచ్చెడివి: కృకవాకువు, తామ్రచూడము, కుక్కుటము, చరణాయుధము. ఇల్లాలనై కోళ్లను బెంచిన పిమ్మట, మంచిపుంజు నెంచుకొనుటకు వలసిన పరీక్షలన్నియు ఆ నాలుగు పేరులలోనే యున్నవని తోచినది.

తామ్రచూడ మనగా ఎఱ్ఱని జుట్టు గలది. ఆరోగ్యము గల పుంజు జుట్టు నిండుగా, ఎఱ్ఱగా నుండును. అది పాలిపోయినను, నీలివర్ణమునకు దిరిగినను, దానిపై పొక్కులున్నను ఆ పుంజును ముట్టరాదు. చరణాయుధ మనగా కాళ్లే ఆయుధముగా గలది. కాళ్లు నిటారుగను, పొలుసులు నునుపుగను ఉండవలెను. పొలుసులు లేచి తెల్లని పెచ్చులు గట్టియున్నచో అది కంటికి గనబడని పురుగుల పని. మంద కంతటికి నంటుకొనును. కాలిముల్లును జూచినచో వయస్సు కొంత తెలియును: మొటికగా నున్నచో పడుచుది, పొడవై వంపు దిరిగినచో ముదురుది. కృకవాకు వనగా గొంతుతో గట్టిగా కూయునది. కూత స్పష్టముగా నుండవలెను. సంచిలోనుండి తీయగానే తుమ్మినను, నోరు తెఱచి గురగురలాడినను వలదు.

ఇక కుక్కుటము. ఈ పేరు కుక్కు కుక్కుమను దాని పిలుపునుండియే వచ్చినట్లుండును. నేలపై నాలుగు నూకలు చల్లి చూడుడు. మంచిపుంజు గింజను ముక్కుతో నెత్తి మరల విడుచుచు, మెల్లగా కుక్కు కుక్కుమని పెట్టలను బిలుచును. అవి వచ్చి తినుచుండగా తాను తల యెత్తి గ్రద్దకొఱకు నలుదిక్కులు చూచును. చాణక్యనీతి కోడినుండి నేర్వవలసిన గుణములలో వేళకు మేల్కొనుటతోపాటు బంధువులకు బంచిపెట్టుటను గూడ జెప్పుట ఇందువలననే. తానే ముందుగా మెక్కి పెట్టలను దఱుము పుంజు ఎంత యందమైనదైనను మందకు మంచిది కాదు.

వయస్సు ఏడాది నిండినది శ్రేష్ఠము. అయిదాఱు నెలల పడుచుపుంజును దెచ్చినచో ముదురుపెట్టలు దానిని లెక్కచేయక పొడిచి మూల కూర్చుండబెట్టును. అది పెద్దదై నిలద్రొక్కుకొనునప్పటికి నెలలు గడచును.

రంగును గూర్చి మన గోదావరిసీమలో చెప్పనక్కఱలేదు. కాకి, డేగ, నెమలి, సేతువ అని యీకల రంగునుబట్టి పేరులు పెట్టి, ఏ దినమున ఏ రంగు గెలుచునో చెప్పు కుక్కుటశాస్త్రమును మగవారు సంక్రాంతికి నెలదినములు ముందే తిరుగవేయుదురు. ఆ శాస్త్రము పందెమునకు సంబంధించినది. పొదుగు గ్రుడ్డునకు రంగుతో బనిలేదు.

పందెపుజాతి యగు అసీలు పుంజులను గూర్చి మాత్రము ఒకమాట చెప్పవలెను. అసీలు అనగా అరబ్బీభాషలో మేలిజాతిది, స్వచ్ఛమైనది అని యర్థము. ఎత్తును, కండయు, ధైర్యమును ఈ జాతి సొత్తు. అసీలు పెట్టలు గ్రుడ్లు కొద్దిగానే పెట్టినను పొదుగుటలోను, పిల్లలను గాచుటలోను వానికి సాటి లేదు. కాని ఈ పుంజులకు పోరు రక్తములోనే యున్నది. పల్నాటిలో కోడిపోరున నోడిన పక్షము రాజ్యము విడిచి వలసపోయిన కథ మనలో నెఱుగనివారు లేరు. 1960 నాటి జంతుహింసా నిరోధకచట్టము జంతువులను పోరునకు బురికొల్పుటను నేరముగా జెప్పుచున్నను, సంక్రాంతి మూడు దినములు మన జిల్లాలలో బరులు వెలయుచునే యున్నవి. పండుగ వెళ్లగానే పోరులో నిలువనివియు, జత దొరకనివియు అగు పుంజులు చౌకగా అమ్మకమునకు వచ్చును. వెల చూచి ఇల్లాలు మోసపోవునది ఈ సమయముననే. ఊరూరి కోళ్లతో ఒకే బరిలో గలిసి తిరిగి, గాయపడి, అలసి వచ్చిన పుంజు తనతో ఏ రోగమును దెచ్చినదో దాని మొగము చూచి చెప్పలేము.

హైదరాబాదునందలి రాజేంద్రనగరములో కేంద్రప్రభుత్వపు కోళ్లపరిశోధనసంస్థవారు పెరటిపెంపకమునకై వనరాజ, గ్రామప్రియ యను రకములను దీసిరి. అవి మంచివే. అయినను సంకరమువలన బుట్టినవగుటచేత, వాని పుంజునుండి ఇంటిలో దీయించిన పిల్లలకు తల్లిదండ్రుల గుణములన్నియు రావని యెఱిగి కొనవలెను.

ఎడముగా నుంచుట

పుంజు ఇంటికి వచ్చినది. ఇప్పుడు చేయవలసిన మొదటి పని మందలో విడువకుండుట.

మా వీధిలో నొక పెద్దావిడ పండుగ వెళ్లిన వారమున సంతనుండి చక్కని డేగపుంజును దెచ్చి, ఆ సాయంకాలమే పదునొకండు పెట్టలతో గూటిలో గలిపినది. ఆఱవనాడు ఆమె అరుగుమీద దిగాలుపడి కూర్చుండగా చూచితిని.

“ఏమిటత్తయ్యగారూ, అలా కూర్చున్నారు?”

“ఏం చెప్పమంటావే అమ్మాయీ! పొద్దున్న లేచేసరికి మూడు పెట్టలు మెడలు వాల్చేశాయి. పచ్చటి రెట్ట. ఎవరి కళ్లు పడ్డాయో!”

“కొత్తపుంజుకి ఏమైనా నలత చేసిందా?”

“పుంజా? అది నిక్షేపంలా ఉందే తల్లీ. దాని కూతకే తెల్లారుతోంది.”

ఆ వారము వెళ్లునప్పటికి తొమ్మిది పెట్టలు పోయినవి. పుంజు మాత్రము నిక్షేపముగా కూయుచునే యున్నది. సోదరీమణులు గమనింపవలసిన దిదియే. రోగమును దెచ్చిన పక్షి రోగిగా కనబడవలెనను నియమము లేదు. తాను తట్టుకొని, లేదా టీకాబలముచేత నిలిచి, ఇతరులకు దానిని పంచగలదు.

ఆ తెగులును మనవారు కొక్కెర తెగులందురు. వైద్యులు రాణీఖేతు వ్యాధి యందురు. 1926లో ఇంగ్లాండునందలి న్యూకాజిలు ప్రాంతమున దీనిని గుర్తించుటచేత పాశ్చాత్యదేశములలో దానికి ఆ యూరి పేరు వచ్చినది. మనదేశమున 1927లో హిమాలయప్రాంతపు రాణీఖేతులో కనబడుటచేత ఇచ్చట ఈ పేరు నిలిచినది. రోగబీజము ప్రవేశించిన పిమ్మట సాధారణముగా అయిదాఱు దినములకు, ఒక్కొక్కప్పుడు రెండవనాటికే, మఱియొకప్పుడు పదునైదు దినములకు లక్షణములు బయలుపడును. ఆకుపచ్చని నీళ్లరెట్ట, నోరు తెఱచి యూపిరి లాగుట, మెడ మెలిదిరుగుట, కాలో ఱెక్కయో చచ్చుబడుట దీని గుఱుతులు. వచ్చిన పిమ్మట మందు లేదు. రాకుండ జేయుటకు టీకా గలదు. పిల్లలకు మొదటివారమున కంటిలోనో ముక్కులోనో చుక్కగా వేయు లసోటా టీకాను, ఎనిమిదివారముల ప్రాయమున సూదితో వేయు ఆర్.టు.బి. టీకాను పశువైద్యశాలలో అడిగి వేయించుకొనవలెను. టీకా వేసిననాడే రక్షణ కలుగదు. దాదాపు రెండువారములు పట్టును. కావున పుంజును దెచ్చుటకు ముందే మన మందకు టీకా వేయించియుండుట ఉత్తమము.

2025 ఫిబ్రవరిలో మన తూర్పుగోదావరిజిల్లా కానూరునను, పశ్చిమగోదావరిజిల్లా వేల్పూరునను కోళ్లఫారములలో పక్షిజ్వరము నిర్ధారణ మయినప్పుడు మన మెంత భయపడితిమో అందఱకు జ్ఞాపకమే. ఒకేసారి అనేకములగు కోళ్లు చచ్చినచో వానిని వట్టిచేతులతో దాకక, కాలువలో బాఱవేయక, పశువైద్యునకు తెలియజేయవలెను. ఆయన చెప్పినట్లు లోతుగా గోయి తీసి సున్నముతో బూడ్చిపెట్టవలెను.

ఈ భయములన్నిటికిని ఒకటే మందు: నాలుగువారముల ఎడబాటు. క్రొత్తపుంజును మందకు దూరముగా, వీలైనచో ఇంటికి ఆవలిప్రక్కన, వేఱు గంపక్రిందనో చిన్నగూటిలోనో ఉంచవలెను. దాని నీళ్లమూకుడు వేఱు, మేతపళ్లెము వేఱు, ఊడ్చు చీపురు వేఱు. ప్రతిదినము మన కోళ్లకు మేత వేసి, గూడు శుభ్రము చేసిన పిమ్మటనే పుంజు దగ్గఱకు పోవలెను; అచ్చటినుండి వచ్చి కాళ్లు చేతులు కడుగుకొనక మరల మందలోనికి పోరాదు. పిల్లలకు గూడ ఈ మాట చెప్పి యుంచవలెను. ఏలయన క్రొత్తపుంజును జూచుటకు మొదట పరుగెత్తువారు వారే.

మొదటిదినముననే దాని ఱెక్కలక్రిందను, తోకమొదటను ఈకలు విడదీసి పేలున్నవేమో చూడవలెను. ఉన్నచో పశువైద్యు డిచ్చిన మందు చల్లి, పొర్లుటకు పొడి బూడిదయు మెత్తని మట్టియు కలిపి తొట్టిలో బోయవలెను. కాలిపొలుసులకు వేపనూనె పూయవలెను. మేతకు చోళ్లు, గంట్లు, నూకలు, తవుడు, ఆకుకూర మొదలగునవి మన మంద కేవి పెట్టుదుమో అవే క్రమముగా అలవాటు చేయవలెను.

మూడువారములు సుఖముగా గడచినచో నాలుగవవారమున మందలోని యొక సాధుపెట్టను దెచ్చి పుంజుతో నుంచవలెను. ఇందు రెండు లాభములు గలవు. పుంజు లోలోపల రోగము మోయుచున్నచో అది ఒక్క పెట్టకే తగిలి బయటపడును, మందయంతయు దక్కును. రోగము లేనిచో ఆ పెట్టయే దానికి మొదటి చుట్టమగును. ఒక పెట్టను అపాయమునకు నిలుపుట కష్టముగా దోచును, నిజమే. కాని పదింటిని నిలుపుటకంటె ఇది మేలుగదా.

మందలోని వరుస

ఇక రెండవ కష్టము. రోగము లేనంత మాత్రమున మంద దానిని చేరనీయదు. నార్వేదేశీయుడగు థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె యను నాతడు చిన్నతనమునుండియు పెరటికోళ్లను బరికించి, ఏ కోడి దేనిని బొడుచునో, ఏది దేనికి దారి విడుచునో వ్రాసికొనుచు వచ్చి, 1922లో ఆ సంగతులను శాస్త్రలోకమునకు వెల్లడించెను. ప్రతిమందలోను పొడుపువరుస యొకటి యుండునని ఆతడు చూపెను. మొదటిది అన్నిటిని బొడుచును. రెండవది మొదటిదానిని విడిచి తక్కినవానిని బొడుచును. కడపటిది అందఱిచేతను బొడిపించుకొనును. వరుస కుదిరిన పిమ్మట పొడుచుకొనుట యెక్కువగా నుండదు, కంటిచూపే చాలును. ఉమ్మడికుటుంబములో పెద్దత్తగారు వంటయింట అడుగుపెట్టగానే పీట యెవరు ఖాళీ చేయవలెనో యెవరును చెప్పనక్కఱలేదుగదా, అట్లే.

పెట్టలకు ఒక వరుసయు, పుంజులకు వేఱొక వరుసయు ఉండును. ప్రాయము వచ్చిన పుంజు సాధారణముగా పెట్టల వరుసకు పైన నిలుచును. కాని ఆ స్థానము వచ్చిననాడే రాదు. కోళ్లు ఒకదాని నొకటి ముఖ్యముగా తలను, జుట్టును జూచి గుర్తించును. తెలిసిన కోడియే రెండు మూడు వారములు కనబడకపోయినచో మరల పరాయిదగును. ఇక ఎన్నడును చూడని పుంజు మాట చెప్పవలెనా?

క్రొత్తకోడలు అత్తవారింట మెలగవలసిన తీరును గూర్చి మనవారు గ్రంథములు వ్రాసిరి. ఇచ్చట వచ్చునది కోడలు గాదు, ఇల్లరికపుటల్లుడు. ఇల్లంతయు ఆడువారిది, ఆ యింటి మూలలు, మెట్లు, మేతవేళలు సర్వము వారికి దెలియును, అతడొక్కడే పరాయి. గట్టిగా మాటాడినచో పొగరుబోతందురు, ఊరకున్నచో చేతకానివాడందురు. అతనికి గౌరవము గలుగునట్లు చూచుట ఇంటి పెద్దముత్తైదువ పని. మన పెరటిలో ఆ పెద్దముత్తైదువ మనమే.

తడికచాటు పరిచయము

అయిదవవారమున పుంజును మంద తిరుగు తావునకే దెచ్చి, నడుమ వెదురుతడికయో ఇనుపవలయో కట్టి విడిగా నుంచవలెను. కంటికి గనబడవలెను, ముక్కునకు అందరాదు. తడికకు ఈవల పెట్టల మేతపళ్లెమును, ఆవల పుంజు మేతపళ్లెమును దగ్గఱగా పెట్టినచో, ఒకే వేళకు ఎదురెదురుగా తినుట అలవడును. మొదటి రెండుదినములు పెద్దపెట్ట మెడయీకలు రిక్కించి తడికమీదికి దూకును. పుంజు ఒక ఱెక్కను నేలకు వాల్చి ప్రక్కగా చిందులు త్రొక్కును. నాలుగైదు దినములకు ఈ సందడి యడగి, పెట్టలు తడికప్రక్కనే పొర్లుచు, ఈకలు సవరించుకొనుచు కూర్చుండును. అది చూచినప్పుడు కలుపుటకు సమయమైనదని యెఱుగవలెను. చూడనిచో మఱి మూడుదినములు ఆగవలెను.

పాతపుంజు ఇంకను ఉన్నచో ఈ వారమునకు ముందే దానిని పంపివేయవలెను. ‘రెండును తేల్చుకొనును’ అని విడుచుట క్రూరత్వము; అసీలురక్తమున్నచో అవి చచ్చువరకు తేల్చుకొనును. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. ఇరువది పెట్టలు లేని పెరటిలో రెండవపుంజు కలహకారణమే గాని వేఱు గాదు.

కలుపునాడు

రోహిణికార్తె యెండలలోను, ముసురువానలలోను ఈ పని తలపెట్టరాదు. చల్లనిదినము చూచి, ప్రొద్దుగ్రుంకుటకు గంట రెండుగంటలు ముందు, పెట్టలు కడుపునిండ మేసియున్నవేళ తడికను తీయవలెను. చీకటి పడగానే కోళ్లకు చూపు మందగించి కలహము తనంత తానే సద్దుమణుగును. రాత్రి ఒకే గూటిలో నిద్రించినచో తెల్లవాఱునప్పటికి సగము కొత్త పోవును. కొందఱు తడికవారము లేకుండ చీకటిలో పుంజును గూటిలో నుంచి తెల్లవాఱుజామున గలిసిపోవునని తలతురు. తెల్లవాఱగానే ఇఱుకుగూటిలో ఏమి జరుగునో వారు చూడలేదు. గూటిలో నుంచినను మఱునాడు చీకటితోనే లేచి తలుపు తీయవలెను.

ఆ దినమున మేతపళ్లెములు మూడైనను, నీళ్లమూకుళ్లు రెండైనను వేఱువేఱు తావులలో నుంచవలెను. పెద్దపెట్ట ఒకదానికి గాపు కాచినను తక్కినవి మిగులును. పాతబుట్ట యొకటి, కట్టెలమోపు ఒకటి, వాల్చిన బల్ల యొకటి పెరటిలో నుంచినచో తఱుమబడినది దాగుకొనును. మూసిన మూల యుండరాదు. తప్పించుకొనలేని చోటనే గాయములగును.

మనము చూచి ఊరకుండవలసినవి కొన్ని గలవు: మెడయీకలు రిక్కించుట, రొమ్ము రొమ్ము తాకించుట, ఒకటి రెండు పోటులు, కొంతదూరము తఱుముట. ఇవి వరుస కుదురుటకు వలసినవి. నడుమ జొచ్చి ప్రతిసారి విడదీసినచో ఆ వరుస యెన్నటికిని కుదురదు. మనము జోక్యము చేసికొనవలసినవి వేఱు: నెత్తురు చూచుట, ఒక్కదానిని పలువురు చుట్టుకొనుట, పడిపోయినదానిని విడువకుండుట. నెత్తురు కనబడినచో కోళ్లన్నియు అచ్చటనే పొడుచును. కావున గాయపడినదానిని తక్షణమే తీసి, కాచి చల్లార్చిన నీటితో గడిగి, పసుపు వేసి, మానువరకు తడికకు ఆవల నుంచవలెను. దూరముగా దీసికొనిపోయినచో మరల పరాయిదగునని మఱువరాదు.

మొదటివారము ఉదయము, సాయంకాలము కొంతసేపు అచ్చట నిలిచి చూడవలెను. పుంజు కుక్కు కుక్కుమని పిలువగా పెద్దపెట్ట వచ్చి ఆ గింజను దినిననాడు అల్లుడు ఇంటివాడైనట్లే.

తరువాతి జాగ్రత్తలు

బరువుపుంజును చిన్న నాటుపెట్టలతో గలిపినచో జతకట్టుటలో వాని వీపుమీది యీకలు ఊడి, గోళ్లచేత చర్మము చీలును. పుంజు గోళ్ల కొనలను, కాలిముల్లు మొనను మొండిచేసి, ఒకే పెట్టను అది బాధించుచున్నచో ఆ పెట్టను కొన్నిదినములు వేఱుచేయవలెను.

చంటిబిడ్డలున్న తల్లులకు ఒక హెచ్చరిక. కొన్ని పుంజులు మనుష్యులమీదికి గూడ వచ్చును. పాకాడు బిడ్డ కన్ను పుంజు ముక్కునకు సరియైన యెత్తున నుండును. ఒక్కసారియైనను బిడ్డమీదికి దూకిన పుంజు ఎంత జాతిదైనను ఆ యింట నుండదగదు. ఈ విషయమున దాక్షిణ్యము వలదు.

పొదుగు

పుంజు కలిసినది గదా యని మఱునాటి గ్రుడ్లే పొదుగు పెట్టువారు గలరు. పెట్ట తన శరీరములో పుంజుబీజమును రెండువారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు దాచుకొనగలదు. కాబట్టి పాతపుంజు వెళ్లిన వెంటనే పెట్టిన గ్రుడ్లలో దాని సంతానమే యుండవచ్చును. క్రొత్తరక్తము కావలెనన్నచో పుంజును గలిపిన మూడువారముల తరువాతి గ్రుడ్లను ఏఱి పొదుగు పెట్టవలెను. ఏడవనాటి రాత్రి గ్రుడ్డును టార్చిదీపమున కెదురుగా పట్టి చూచినచో, లోపల ఎఱ్ఱని నరములు సాలెగూడువలె కనబడినవి పిల్లలగును. తేటగా నున్నవి కావు. ఇరువదియొకటవనాడు పిల్లలు బయటికి వచ్చును.

ఇప్పుడు దినములు లెక్కింతము. నాలుగువారములు ఎడబాటు, ఒకవారము తడిక, మూడువారములు గ్రుడ్లకై యాగుట, మూడువారములు పొదుగు, అన్నియు పదునొకండువారములు. దీపావళి వెళ్లి కార్తీకమాసము ప్రవేశించినప్పుడు పుంజును దెచ్చినచో, ఎండలు ముదురకముందే పుష్యమాసమున పిల్లలు గలుగును. ఫాల్గుణమున మా స్వామివారి కల్యాణోత్సవమునకు చుట్టములు వచ్చునాటికి తల్లివెంట పెరటిలో గింజలేఱుకొనుచుండును. సంక్రాంతి చౌకబేరమునకు ఆశపడి, తెచ్చిననాడే గూటిలో గలిపినచో ఏమగునో పైన జెప్పితిని.

సోదరీమణులారా! కోళ్లపెంపకము చిన్నపని యని యెవరైన ననినచో అననిండు. ఆ చిన్నపనిలోనే మన బిడ్డ పలకయు, మన కొంగుముడియు నున్నవి. పుంజును గొనునప్పుడు వెలతోపాటు ఒక గంపను, ఒక తడికను, అయిదువారముల యోర్పును గూడ సిద్ధము చేసికొనుడు. ఈ మూడింటిలో వెల లేనిది ఓర్పే. మందను నిలుపునదియు నదియే.